ఎడమ చేతికి తగిన గాలం

బహ్రెయిన్‌లోని బుదైయాలో ఎండాకాలం మధ్యాహ్నం వేళ రోడ్డు మీద పిల్లి కూడా తిరగదు. ఇళ్లలో అందరూ భోజనాలు ముగించి, ఏసీలు వేసుకుని పడుకుంటారు. అక్కడ ఒక ఇంట్లో పనిచేసే సత్యకుమారికి రోజు మొత్తంలో తనదంటూ ఉండేది ఆ కాసేపే. వంటగది కడిగి, ఆఖరి పళ్లెం తుడిచి లోపల పెట్టి, తన ఇరుకు గదిలో చాప మీద నడుం వాల్చడం కోసం తెల్లవారి లేచినప్పటి నుంచి ఎదురుచూసేది. తొంభై ఆరో సంవత్సరం వేసవిలో ఆ కాసేపు కూడా పోయింది.

పోయింది ఆ ఇంటి పెద్దాయన హాజీ జాసిం వల్ల. చలికాలం చివర్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. స్నానం కొడుకు ఖాలిద్ చేయించేవాడు. మిగిలిన చాకిరీ అంతా సత్యకుమారిదే. అన్నిటికన్నా కష్టం తిండి పెట్టడం. ఎడమ చేత్తో తినడం తప్పని ఆయన పట్టుదల. ముద్ద ముద్ద నోట్లో పెట్టాలి, నమిలేదాకా ఆగాలి, గడ్డం తుడవాలి. ఆయన చక్రాల కుర్చీ చేతికి ఒక చిన్న గంట కట్టారు. ఆ గంట మోగితే ఎక్కడున్నా పరుగెత్తాలి.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఆమె అప్పుడే కళ్లు మూసుకుంది. గంట మోగింది. లేచి వెళ్లేసరికి హాజీ హాల్లో కుర్చీలో కూర్చుని, మెట్ల కింద ఉన్న సామాను గది వైపు చూపిస్తున్నాడు.

"తలుపు తియ్యి," అన్నాడు. ఆయన చిన్నప్పుడు బొంబాయిలో మేనమామ దుకాణంలో పనిచేశాడు. ఆ హిందీ ఇంకా గుర్తుంది. సత్యకుమారి హిందీ ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమవడానికి అది సరిపోయేది.

గదిలో గోడవారగా గాలపు కర్రలు నిలబెట్టి ఉన్నాయి. కొన్నిటికి గుడ్డ తొడుగులు, కొన్ని ఉత్తవే. బిస్కెట్ డబ్బాల్లో దారం చుట్టే రీళ్లు, సీసం గుండ్లు, రకరకాల గాలాలు. పడవ మీద వెళ్లి హమ్మూరు చేప పట్టడం హాజీకి వయసులో ఉన్నప్పటి నుంచీ ఉన్న సరదా. జబ్బు పడ్డాక ఆ గది ఎవరూ తెరవలేదు.

"ఇప్పుడెందుకు బాబా? ఈ ఎండలకి ఒడ్డు దగ్గర చేపలుండవని మీరే అన్నారు కదా."

"అందుకే ఇప్పుడు. చేపలున్నప్పుడు చేపల్ని చూడాలి. చేపలు లేనప్పుడు కర్రల్ని చూడాలి. చలికాలానికి ఏది తీసుకెళ్లాలో ఎంచుకుంటాను. బయటపెట్టు."

చలికాలంలో ఈయన ఎక్కడికి వెళ్తాడు అనుకుంది ఆమె. ఒక్కొక్కటే తెచ్చి తివాచీ మీద పరిచింది.

అలా మొదలైంది. ప్రతి మధ్యాహ్నం అదే పని. ఆమె కర్రకు రీలు బిగించి ఇవ్వాలి. ఆయన ఎడమ చేత్తో పట్టుకుని, మొదలు తొడకు ఆనించి, కొసను పైకెత్తి చూస్తాడు. దారం చివర పట్టుకుని ఆమె లాగాలి. కర్ర ఎక్కడ వంగుతుందో, ఎంత వంగుతుందో కళ్లు చిట్లించి చూసి తల అడ్డంగా ఊపుతాడు. ఇది బరువు. ఇది మరీ మెత్తన, హమ్మూరు రాళ్లలో దూరితే దీంతో బయటికి రాదు. ఇది పడవ మీదికే, ఒడ్డు మీద పనికిరాదు. ఇది ఒడ్డుకి మంచిదే కానీ పొడుగు, చెయ్యి ఆగదు. తర్వాత రీలు విప్పించేవాడు. పాత ఉప్పు పట్టి మరలు బిగుసుకుపోయి ఉండేవి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి, చప్పుడు లేకుండా తిరిగేదాకా తిప్పాలి.

అంతా అయ్యేసరికి సాయంత్రం టీ వేళయ్యేది. కిరసనాయిలు వాసన చేతులకు పట్టి, ఎంత సబ్బుతో కడిగినా పోయేది కాదు. రాత్రి రొట్టెల పిండి కలుపుతుంటే ఆ వాసన పిండికీ పట్టేది.

సత్యకుమారిది అంతర్వేది దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. భర్త సోమరాజు రొయ్యల చెరువు వేశాడు. తెల్లమచ్చ తెగులొచ్చి చెరువు మొత్తం పోయింది. ఇంట్లో ఎవరో ఒకరు బయటికి వెళ్లక తప్పలేదు. ఇంటిపనికి ఆడవాళ్లకైతే వీసా తొందరగా వస్తుందని ఏజెంటు చెప్పడంతో ఆమె వచ్చింది. చేపలంటే ఆమెకు ఎరగని సంగతేం కాదు. చెరువులోకి పండుగప్ప పిల్ల ఒకటి దూరినా రొయ్యల్ని ఎలా మింగేస్తుందో చూసింది. ఈ హమ్మూరూ అలాంటిదే అనిపించింది, ఒళ్లంతా మచ్చలు తప్ప. కానీ ఊళ్లో వలలే. ఒక చేప కోసం ఇన్ని కర్రలు, ఇన్ని చక్రాలు, ఇంత ఆలోచన ఆమె చూడలేదు.

ఇంటి వెనక ఖర్జూరపు తోట చూసుకునే లింబాద్రికి ఒక సాయంత్రం ఈ సంగతి చెప్పింది. అతనిది జగిత్యాల దగ్గర ఊరు. ఆమె కన్నా చిన్నవాడు. మంచినీళ్ల సీసా నింపుకోవడానికి వంటగది గుమ్మం దాకా వచ్చి అక్కడే మెట్టు మీద కూర్చునేవాడు.

"నా నడుం పడిపోతంది లింబాద్రీ. పగలంతా నిలబడి చాకిరీ. కాత్త పడుకుందామంటే గంట కొడతాడు. కర్రలు తియ్యి, కర్రలు పెట్టు. ఆయన లేచేది లేదు, ఎల్లేది లేదు."

"మా దిక్కు చెర్ల కొర్రమట్టలు పడ్తం అక్కా. ఎదురుబొంగు కోసుకొని, దారం గట్టుకొని పోవుడే. ముసలాయన పెండ్లిపిల్లను సూసినట్టు సూత్తుండు గద."

"పెళ్లిపిల్లనైనా ఇన్నిసార్లు చూడరు."

లింబాద్రి నవ్వాడు. తర్వాత సీసా పక్కన పెట్టి మెడ వెనక రుద్దుకున్నాడు. ఎండకు అక్కడి చర్మం పొరలుగా లేచిపోయింది. "దుబాయి అంటే గిట్లుంటదని ఎవడు జెప్పిండు అక్కా. చెట్లకు నీళ్లు పట్టుడు, చెట్లకు నీళ్లు పట్టుడు. కల్ల గూడ నీళ్లే పడ్తున్న." వాళ్ల ఊళ్లో అందరికీ గల్ఫ్ అంటే దుబాయే. బహ్రెయిన్ కూడా దుబాయే.

కొన్ని వారాలకు సత్యకుమారికి ఒక విషయం అర్థమైంది. హాజీ మంచి రీళ్లన్నీ లావుపాటి డ్రమ్ము రీళ్లు. వాటి పిడి కుడిపక్కనే ఉంటుంది, మార్చడానికి వీలుండదు. వాటిని తిప్పాలంటే కుడి చెయ్యి కావాలి. ఎడమ చేత్తో తిప్పుదామన్నా కర్రను పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. ఆయన కర్రను కుడి చంకలో ఇరికించుకుని చూశాడు. చెయ్యి కర్రతో సహా జారి ఒడిలో పడింది. ఆమె ఆ చేతిని ఎత్తి మళ్లీ కుర్చీ మీద సర్దింది. ఆయన తర్వాతి కర్ర అందించమన్నాడు.

ఒకరోజు నూనె డబ్బా తివాచీ మీద ఒరిగింది. కోడలు మరియం నిద్ర లేచి వచ్చి చూసింది. సత్యకుమారి ఆమెను మామా అని పిలిచేది. అమ్మ అనే అర్థంలో అక్కడ పనివాళ్లంతా ఇంటి ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. కొత్తలో ఆ పిలుపు నోటికి రావడానికి సిగ్గుగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

"ఇదేంటి? ఇల్లంతా పెట్రోలు బంకులా వాసన. రొట్టె తింటుంటే కూడా అదే. డాక్టరు ఆయన్ని పడుకోమన్నాడు. నువ్వేమో రోజూ కూర్చోబెడుతున్నావు."

"బాబా పిలుస్తున్నారు మామా."

"పిలిస్తే నాతో చెప్పు. ఇక ఖలాస్. ఆ గదికి తాళం వెయ్యి."

తాళం వేస్తుంటే సత్యకుమారికి లోలోపల సంతోషంగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం గంట మోగలేదు. పడుకుంది. ఎంత గాఢంగా నిద్రపోయిందంటే, లేచాక తానెక్కడున్నదీ కాసేపటిదాకా తెలియలేదు. ఆ తర్వాత రోజూ అంతే. ఒంట్లో నొప్పులు కాస్త సర్దుకున్నాయి.

కానీ హాజీ నోరు తెరవడం మానేశాడు. కోపంతో కాదు. ముద్ద పెదవుల దాకా తెస్తే ఎటో చూస్తూ ఉండేవాడు. బతిమాలితే ఒకటి తీసుకునేవాడు, అది బుగ్గలోనే ఉండిపోయేది. పొద్దుటి తిండి మధ్యాహ్నం దాకా, మధ్యాహ్నపు తిండి సాయంత్రం దాకా సాగేది. అన్నం చల్లారిపోయి, మళ్లీ వేడి చేసి, మళ్లీ చల్లారిపోయి, ఆమె చెయ్యి ఎత్తి ఎత్తి భుజం పట్టేసేది. చివరికి మధ్యాహ్నపు నిద్రా పోయింది, రీళ్లూ పోయాయి, ఆయనా చిక్కిపోతున్నాడు.

ఒక సాయంత్రం ఖాలిద్ ఆఫీసు నుంచి వచ్చి కారు దిగుతుంటే ఆమె గరాజు దగ్గర నిలబడింది. అతను బ్యాంకులో పనిచేసేవాడు. ఎప్పుడూ చొక్కా వీపుకు అంటుకుని, కళ్ల కింద నల్లగా ఉండేవాడు.

"సార్, బాబా తినట్లేదు. కర్రలు చూసినన్నాళ్లూ తిన్నారు. మామా ఆపేయమన్నారు, ఆపేశాను. తినిపించడం కన్నా ఆ కర్రల పనే నాకు నయం."

ఖాలిద్ కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఆయన ఇక సముద్రానికి వెళ్లలేడు. ఆ సంగతి ఆయనకి చెప్పలేక నేను ఆ గది వైపే వెళ్లడం లేదు."

"చెప్పమని నేను అనట్లేదు సార్."

అతను కారు తలుపు వేశాడు. "గరాజులో చేసుకోండి. పాత ఏసీ ఉంది, పనిచేస్తుంది. కింద సిమెంటే, నూనె ఒలికినా పర్వాలేదు. మరియంతో నేను చెప్తాను."

లోపల వాళ్లిద్దరూ మాట్లాడుకున్న చప్పుడు వినబడింది. తర్వాత మరియం వంటగదిలోకొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టి, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయింది.

గరాజులో మళ్లీ మొదలైంది. లింబాద్రి గది ఆ పక్కనే. ఎండకు తోటలో పని ఉండని వేళ అతనూ వచ్చి గోడకు చేరగిలబడేవాడు. హాజీకి అతని మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. అయినా అతను రావడం ఇష్టంగా ఉండేది. కర్ర చివర దారం లాగే పని లింబాద్రి తీసుకున్నాడు. సత్యకుమారి ఒక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రీళ్లు తుడిచేది. కూర్చుని చేసే పని అది ఒక్కటే. తుడుస్తూ తుడుస్తూ కునుకు తీసేది. ఆమెను లేపడానికి హాజీ గంట కొట్టకుండా దగ్గేవాడు.

ఒకరోజు ఆయన తన అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము రీలును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇత్తడి అంచులున్న రీలు అది. లింబాద్రి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. బిగించాలా వద్దా తెలియక ఆమె వైపు చూశాడు.

"బిగించమంటారా బాబా?" అని అడిగింది.

"వద్దు. దీన్ని నేను తిప్పలేనని నాకు మొదటిరోజే తెలుసు." మాట స్పష్టంగా రావాలని ఆయన ఆగి ఆగి పలికాడు. "ఏది పనికొస్తుందో కూడా తెలుసు. అడుగు డబ్బాలో ఉంది. నల్లది, చిన్నది. చుట్టాలొస్తే ఇవ్వడానికి కొన్నాను."

"మరి ఇన్నాళ్లూ ఇవన్నీ ఎందుకు తీయించారు?"

"ఒక్కొక్కదానితో ఎన్నో ఏళ్లు తిరిగాను. చూడకుండా పక్కన పెట్టెయ్యమంటావా?"

సత్యకుమారికి చివ్వున కోపం వచ్చింది. పోయిన నిద్రలన్నీ గుర్తొచ్చాయి. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముసలాయన ఇత్తడి అంచు మీద బొటనవేలు రాస్తున్నాడు. ఆమె లేచి అడుగు డబ్బా వెతికి, నల్లరీలు తీసింది. తేలికైన రీలు అది. పిడి మరలు విప్పి ఎడమపక్కకు మార్చుకునే ఏర్పాటు ఉంది. విప్పి మార్చింది. దానికి ఒక మధ్యరకం కర్ర తీసుకున్నారు. అడుగున గట్టిగా ఉండి, కొస దగ్గర మాత్రం వంగేది. నిలబెడితే లింబాద్రి కన్నా కొంచెమే పొడుగు.

రీలు కుదిరింది కానీ కర్ర పట్టుకునేదెవరన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి మార్గం లింబాద్రి చూశాడు. తోటలో నీళ్లు పెట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్క కోసి, కుర్చీ కుడి చేతికి తీగతో బిగించి కట్టాడు. అందులో కర్ర మొదలు దింపితే నిలబడింది. ఎడమ చెయ్యి రీలు పిడికి ఖాళీగా దొరికింది.

"బిందె నిల్వబెట్టుటానికి కుదురు ఉంటది సూడు, గట్లనే," అన్నాడు.

హాజీ తిప్పి చూశాడు. "జేన్," అన్నాడు. బాగుందని. చాలా రోజుల తర్వాత ఆయన నోట ఆ మాట.

సుహైల్ చుక్క పొడిచిందని ఇంట్లో అనుకున్నారు. ఆ నక్షత్రం కనబడితే ఎండ తగ్గుముఖం పడుతుందని అక్కడివాళ్లు చెబుతారు. సెప్టెంబరు సాయంత్రాలు కొంచెం ఊపిరాడేలా ఉన్నాయి. హాజీ తోటలోకి తీసుకెళ్లమన్నాడు. గరాజులో దారం బారెడు కన్నా పారదు. లాగుతున్నప్పుడు చేప ఎలా తెలుస్తుందో చూడాలి.

ఖర్జూరపు చెట్ల మధ్య కుర్చీ నిలిపారు. దారం చివర లింబాద్రి మణికట్టుకు చుట్టుకున్నాడు. చేప అతనే. కాలవ గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ లాగాడు. కర్ర వంగింది. హాజీ పిడి తిప్పాడు. లింబాద్రి కొంచెం లొంగినట్టు దగ్గరికొచ్చి, మళ్లీ చెట్టు వెనక్కి పోయాడు. హాజీ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వేనని గ్రహించడానికి సత్యకుమారికి ఒక క్షణం పట్టింది. ఆమెకూ నవ్వొచ్చింది. చాలాకాలానికి ముగ్గురూ పని మరిచారు.

లింబాద్రికి ఉత్సాహం ఎక్కువైంది. ఒక్కసారి గట్టిగా గుంజాడు. కుర్చీ చక్రం కాలవ అంచున మెత్తటి మట్టిలో దిగి, పక్కకు ఒరిగిపోయింది. ఆమె పట్టుకోబోయేలోగానే హాజీ కుర్చీతో సహా నేల మీద పడ్డాడు.

లింబాద్రి మణికట్టు దారం విప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నన్ను జైల్ల ఏస్తరు. అక్కా, ఏం జేద్దాం?"

"ముందు లేపు. ఆ చంకలో చెయ్యి వెయ్యి. మెల్లగా."

లేపి కూర్చోబెట్టారు. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. చెంపకు మట్టి అంటుకుంది. ఎక్కడా విరిగినట్టు లేదు. హాజీ ఊపిరి కూడదీసుకుని, "ఇంట్లో చెప్పకండి," అన్నాడు.

"చెప్పకపోతే ఎలా బాబా. రక్తం కనబడదా?" అంది సత్యకుమారి. తనను వెనక్కి పంపేస్తారని, లింబాద్రిని పోలీసులకు అప్పజెబుతారని తెలుస్తూనే ఉంది. అయినా ఆయన్ని లోపలికి తోసుకెళ్లింది.

మరియం చూసింది. డెట్టాలు తెచ్చి మావగారి మోచెయ్యి తనే కడిగింది. పడుకోబెట్టాక వంటగదిలోకొచ్చి తలుపు వేసింది.

"ఎవరు పడేశారు?"

"ఎవరూ పడెయ్యలేదు మామా. చక్రం మట్టిలో దిగింది. నేను పక్కనే ఉన్నాను. తప్పు నాదే అనుకోండి."

మరియం గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత ఉల్లిపాయల బుట్ట పక్కనున్న పీట మీద కూర్చుంది. ఆమె వంటగదిలో కూర్చోవడం సత్యకుమారి ఎప్పుడూ చూడలేదు.

"నీకు తెలుసా, ఆయనకి ఏదైనా అయితే ఖాలిద్ అక్కచెల్లెళ్లందరూ నన్నే అంటారు. కోడలు చూసుకోలేదంటారు. ఆయన నాతో రోజుకి ఒక్క మాట మాట్లాడరు. నీతో, ఆ తోటవాడితో నవ్వుతారు. కిటికీలోంచి చూశాను." కళ్లు తుడుచుకుంది. "నాకూ పడుకోవాలని ఉంటుంది సత్యా. పడుకుంటే ఆయన గంట మోగినట్టే ఉంటుంది."

సత్యకుమారి పొయ్యి వెలిగించింది. టీ పెట్టింది. ఇద్దరికీ పెట్టింది. మరియం కప్పు అందుకుని తాగింది, అక్కడే, ఆ పీట మీదే.

ఆ రోజు ఎవరినీ పంపెయ్యలేదు. లింబాద్రి మాత్రం తన గదిలోంచి రెండు రోజులు బయటికి రావడానికి భయపడ్డాడు. తోటకు నీళ్లు కూడా తెల్లవారుజామునే పెట్టేసి దాక్కునేవాడు.

అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున ఖాలిద్ కారులో కుర్చీ ఎక్కించాడు. "ఒక్కసారి సముద్రానికి తీసుకెళ్తాను. ఆయన అడగలేదు. నేనే తీసుకెళ్తున్నాను," అన్నాడు భార్యతో. ఆమె ఒక దుప్పటీ, ఫ్లాస్కు ఇచ్చి పంపింది.

బుదైయా ఒడ్డున రాళ్లు పేర్చిన గట్టు ఉంది. కుర్చీని లింబాద్రి, ఖాలిద్ చెరో పక్క పట్టి ఎత్తి, చదునుగా ఉన్న చోట దింపారు. ఈసారి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. ఎరకు రొయ్యలు తెచ్చారు. వాటిని గాలానికి గుచ్చే పని సత్యకుమారికి పడింది. చెరువంతా పోయాక రొయ్యను ముట్టుకోవడం ఇదే మొదలు. వేళ్లు వాటంతట అవే పనిచేశాయి.

గాలం విసరడం హాజీ వల్ల కాదు. ఖాలిద్ విసిరాడు. దగ్గరలోనే పడింది. ఇంకొంచెం ఎడమకు, రాళ్ల నీడలోకి అని తండ్రి చెప్పాడు. మళ్లీ విసిరాడు. కర్రను గొట్టంలో దింపారు. ఇక చూస్తూ కూర్చోవడమే.

చాలాసేపు ఏమీ లేదు. ఎర రెండుసార్లు చిన్న చేపలు కొరుక్కుపోయాయి. ఖాలిద్ వాచీ చూసుకున్నాడు. లింబాద్రి రాయి మీద ముడుచుకుని సముద్రం వైపు వీపు పెట్టి పడుకున్నాడు. సత్యకుమారి మోకాళ్ల మీద తల ఆనించింది. గాలి చల్లగా ఉంది. ఇంటి దగ్గర శుక్రవారం చుట్టాలొస్తారు, పెద్ద వంట ఉంటుంది. ఈపాటికి ఉల్లిపాయలు తరిగి ఉండాల్సింది.

కర్ర కొస ఒక్కసారి కిందికి వంగింది.

హాజీ పిడి మీద చెయ్యి వేశాడు. తిప్పాడు, ఆగాడు, తిప్పాడు. దారం బిగిసి నీళ్లలో సన్నగా కోత పెట్టింది. తర్వాత కదలడం మానేసింది.

"రాళ్లలో దూరింది. తెంపెయ్యాలి," అన్నాడు ఖాలిద్.

"ఉండు." హాజీ దారం వదులు చేయించాడు. "దాన్ని లాగితే రాదు. లాగడం లేదనుకుంటే అదే వస్తుంది."

ఎదురుచూశారు. దారం మెల్లగా పక్కకు కదిలింది. హాజీ మళ్లీ తిప్పాడు. ఈసారి చేప వస్తోంది. కానీ కాస్త తిప్పేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. నుదుటి మీద చెమట. మళ్లీ ప్రయత్నించాడు. వేళ్లు పిడి మీద నుంచి జారాయి. కొడుకు ముందుకు వంగాడు. హాజీ అతన్ని చూడలేదు.

"సత్తీ, నువ్వు తిప్పు."

ఆమె లేచి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పిడి పట్టుకుంది. రోజూ తుడిచిన పిడే. ఇప్పుడు అవతల ప్రాణం ఉంది, అది చేతికి తెలుస్తోంది. ఆయన తన ఎడమ చేతిని ఆమె చేతి మీద కాకుండా కర్ర మీద ఆనించి, తిప్పు, ఆగు, తిప్పు అంటూ ఉన్నాడు. చేప పైకొచ్చింది. మచ్చల హమ్మూరు, మూరెడు కూడా లేదు. లింబాద్రి లేచొచ్చి నీళ్లలో దిగి రెండు చేతులా పట్టుకుని పైకి తెచ్చాడు.

"గింత చేపకు గింత తిప్పల," అన్నాడు ఆయాసపడుతూ.

హాజీ దాన్ని చూసి తల ఊపాడు. సంతోషమో, చాలనో తెలియలేదు. "పదండి. అలిసిపోయాను," అన్నాడు. ఖాలిద్ దుప్పటీ కప్పాడు. కప్పుతూ ఆ పడిపోయిన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కొంతసేపు అలాగే వంగి ఉన్నాడు.

ఇంటికొచ్చాక చేప శుభ్రం చేసే పని కూడా సత్యకుమారిదే. చుట్టాల వంట మధ్యలో దాన్ని విడిగా వండింది. చింతపండు వేసి తమ ఊరి పులుసు పెట్టింది. ముళ్లు తీసి, అన్నంలో కలిపి ముద్దలు పెట్టింది. ఆయన ఒక్కో ముద్దా నమిలి మింగాడు. పులుపెక్కువని అన్నాడు. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా నోరు తెరుస్తూనే ఉన్నాడు.

ఆ చలికాలం ఇంకొన్ని శుక్రవారాలు వెళ్లారు. చేప పడిన రోజులు తక్కువ. డ్రమ్ము రీళ్లన్నీ హాజీ తన పాత పడవ సరంగును పిలిపించి ఇచ్చేశాడు. అతను వాటిని గోనెసంచిలో వేసుకుని వెళ్తుంటే హాజీ తనను గదిలోకి తోసుకెళ్లమన్నాడు. మరుసటి వేసవికి ఆయన ఎక్కువసేపు నిద్రలోనే ఉండేవాడు. కర్రల ఊసెత్తలేదు. మధ్యాహ్నాలు సత్యకుమారి పడుకునేది. నిద్ర పట్టేది కాదు.

ఆ వేసవి మధ్యలో ఆయన పోయాడు. సంతాపానికి వచ్చినవాళ్లకు ఆమె రోజుల తరబడి కాఫీ కాచింది. ఆడవాళ్ల గది నుంచి మరియం అప్పుడప్పుడూ లేచి వంటగదిలోకొచ్చి పీట మీద కూర్చునేది. ఒకరోజు మరియం చాకు తీసుకుని, ఆమె పక్కనే ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. సత్యకుమారి వద్దనలేదు.

తోట అమ్మేశారు. లింబాద్రికి కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, మారి హిద్‌లో ఓడల రిపేరు యార్డులో పని దొరికింది. అక్కడ క్యాంపు, డ్యూటీ, ఓవర్‌టైం. పోయేముందు వచ్చి చెప్పాడు. "చెట్లకంటే ఇనుము నయం అక్కా. నీళ్లు అడుగదు."

సత్యకుమారిని మరియం చెల్లెలు తీసుకుంది. ఆమె ఇల్లు జిదాఫ్స్‌లో, బజారు పక్కన. అక్కడ ముసలివాళ్లు ఎవరూ లేరు, చక్రాల కుర్చీ లేదు. అందరూ చిన్నపిల్లలు, రోజంతా కేకలు. వెళ్లిన కొత్తలో ఒక శుక్రవారం టెలిఫోన్ బూత్ నుంచి సోమరాజుతో మాట్లాడింది.

"కొత్త ఇల్లు ఎలా ఉంది?" అని అడిగాడు అతను.

ఆమె ఆలోచించింది. చెప్పడానికి చాలా ఉన్నట్టే అనిపించింది. వెనక లైనులో మనుషులు ఎదురుచూస్తున్నారు.

"పర్లేదండి," అంది. "మెట్లెక్కువ."